ఎవరి చేతి కాఫీ

కుళ్ళాయప్ప గుడ్డమూట విప్పి చాటలో పోసినప్పుడు సైదాబీ వాటిని అలసందలనుకుంది. చేతిలోకి తీసుకుని చూస్తే కాదు. ఒక పక్క గుండ్రంగా, ఇంకో పక్క చదునుగా ఉన్నాయి. చదును మధ్యలో గోటితో గీరినట్టు ఒక గీత. వాడిన గడ్డి రంగు. ఒకటి నోట్లో వేసుకుని కొరికింది. పన్ను దిగలేదు.

"ఇవి ఉడకేస్తారా, ఏపుతారా?"

"ఏపాలక్కా. కాఫీ గింజలు. మా ఓవర్సీరు పెండ్లాం మూడు దినాల నుంచి ఏపుతాండాది. పైన బొగ్గు, లోపల పచ్చి. ఇల్లంతా పొగ. ఈ పొద్దు ఆయన కాఫీ లేకుండానే పనికాడికి పోయినాడు, తలకాయ పట్టుకోని. నేనే చెప్పినా, నిప్పు మా సైదక్క మాట ఇంటాదని."

కుళ్ళాయప్ప కాలువ క్యాంపులో బంట్రోతు. తుంగభద్ర ఎగువ కాలువ విడపనకల్లు పక్కగా పోతుందని చెప్పి ఊరి బయట రాళ్ళ మిట్ట మీద రేకుల ఇళ్ళు వేశారు. కొలతలు జరుగుతున్నాయి. మట్టిపని మాత్రం ఇంకా ఇక్కడికి రాలేదు. అదంతా బళ్ళారి దిక్కున జరుగుతోంది. వరుసగా రెండో ఏడు కూడా వానలు మొహం చాటేశాయి కాబట్టి ఊళ్ళో కాళ్ళాడేవాళ్ళందరూ ఆ దిక్కే పోతున్నారు.

సైదాబీది బొరుగుల బట్టీ. వడ్లు రావడం ఆగిపోయి మూడు నెలలు. బట్టీలో పిల్లి పడుకుంటోంది.

"నేను ఎప్పుడూ తాగింది లేదు, చూసింది లేదు. ఎట్లుండాలో ఎట్ల తెలిసేదప్పా నాకు?"

"నల్లబెల్లం రంగు రావాలంట. అంతే చెప్పింది."

వాకిట్లో నులకమంచం మీద ఉన్న ఆమె భర్త ఖాసిం సాబ్ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. ముప్పై ఏళ్ళు దూది ఏకిన మనిషి. ఆ దూదంతా ఇప్పుడు రొమ్ములో కూర్చుంది. గడప దాకా నడిస్తే ఒకసారి, వీధి దాకా పోతే రెండుసార్లు నిలబడి ఊపిరి పట్టుకోవాలి.

"ఏపు సైదా," అన్నాడు దగ్గు ఆగాక. "పిల్లినన్నా లేపినట్టుంటాది."

శెనక్కాయ పొట్టు ఎగదోసి బట్టీ రాజేసింది. మంగలంలో ఇసుక కాగింది. బొరుగులకైతే ఇసుక మీద చెయ్యి చాపి, అరచేతికి సెగ చురుక్కుమన్నప్పుడు బియ్యం పోస్తుంది. ఈ గింజ బియ్యం కన్నా మొండిదని సెగ కొంచెం తగ్గించింది. గింజలు పోసి పుల్లలకట్టతో తిప్పడం మొదలుపెట్టింది. మూడు నెలల తర్వాత భుజానికి పని దొరికింది. గింజలు పసుపు తిరిగాయి, ఎర్రబడ్డాయి, ఇసుకలో దాక్కుని చిటచిటమన్నాయి. నల్లబెల్లం రంగు రాగానే జల్లెడలోకి దోసి ఊపింది. ఇసుక కిందికి దిగిపోయింది. జల్లెడలో గింజలన్నీ ఒకే రంగు. ఒక్కటి మాడలేదు, ఒక్కటి పచ్చి లేదు.

కుళ్ళాయప్ప మూట కట్టుకుని పోతూ పోతూ దాన్ని రెండుసార్లు వాసన చూసుకున్నాడు.

మరునాడు పొద్దు ఎక్కకముందే మళ్ళీ వచ్చాడు. ఈసారి గడప దాటి లోపలికి రాలేదు.

"అక్కా, ఉప్పేమన్నా ఏసినావా?"

"కాఫీలో ఉప్పెందుకేస్తానప్పా?"

"ఓవర్సీరు నోట్లో పోసుకోని ఊసేసినాడు. ఉప్పు కషాయమంట. ఆయమ్మ ఏడుస్తాండాది. నా మొగానికి చూసి, 'ఎవరికిచ్చినావురా' అని ఒకటే అడగడం."

సైదాబీ బట్టీ దగ్గరికి పోయి చల్లారిన ఇసుక ఒక చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. వేసుకున్నదల్లా అలాగే నిలబడిపోయింది. బొరుగుల బియ్యాన్ని ఉప్పునీళ్ళు కలిపి గదా ఆరబెట్టేది. ఆ బియ్యం ఈ ఇసుకలో వేగబట్టి పదేళ్ళు. పదేళ్ళ ఉప్పు ఇసుకకు పట్టింది. ఇసుక దాన్ని కాఫీ గింజకు పట్టించింది.

చెబితే ఖాసిం సాబ్ ఈసారి దగ్గు రాకుండా మెల్లగా నవ్వాడు. "కాఫీకి ఊరగాయ పెట్టినావు."

"నవ్వు, నవ్వు. నోటికాడి పని పాయె."

"పోయి చెప్పు. ఇసుక తప్పని చెప్పు. తప్పు చెప్పుకుంటే ఎవరూ కొట్టరు."

సైదాబీ కొంగు నిండుగా కప్పుకుని ఆ ఎండలో క్యాంపుకు నడిచింది. ఓవర్సీరు దివాకర్ భార్య పేరు అంబుజమ్మ. ఇరవై నాలుగేళ్ళుంటాయి. హిందూపురం పిల్ల. వంటింటి వెనక మెట్టు మీద కూర్చుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. చుట్టూ రేకుల ఇళ్ళు, రాళ్ళు, సుడిగాలి తప్ప పలకరించే దిక్కు లేదని ఆమె కూర్చున్న తీరులోనే తెలుస్తోంది. సైదాబీ చెప్పిందంతా విన్నది. ఇసుక, ఉప్పు, బియ్యం. విని విని, ఏడ్చిన కళ్ళతోనే నవ్వింది.

"మా అమ్మ చిక్కమగళూరు నుంచి తెప్పించి పంపిన గింజలు. వాటికి ఉప్పు పట్టించినావా?"

"పట్టించినా అమ్మా. రుచి తెలిసుంటే ఇసుక జోలికే పోకపోదును. ఒక్క గుక్క పోయిస్తే... నాలుకకు తెలిస్తే చేతికి తెలుస్తాది."

అంబుజమ్మ నవ్వు ఆగింది. లోపలికి పోయింది. డబ్బా అడుగున అంటుకుని మిగిలిన చిటికెడు పాత పొడితో డికాషన్ దింపి, పాలు, చక్కెర కలిపి తెచ్చింది. తెచ్చాక గడపలో నిలబడి అటూ ఇటూ చూసింది. చివరికి గోడ వారన పడి ఉన్న కొబ్బరి చిప్పను కాలితో కాదు, వంగి చేత్తోనే తీసి, కడిగి, మెట్టు కింద పెట్టింది. పైనుంచి పోసింది.

సైదాబీ చిప్ప ఎత్తి తాగింది. మొదట చక్కెర, దాని వెనక చేదు. మింగకుండా నోట్లోనే ఉంచుకుని కళ్ళు మూసుకుంది. మాడిన బొరుగు చేదు నాలుక కొసను పట్టుకుని వదలదు. ఈ చేదు అట్లా కాదు, గొంతు దాకా పోయి మెత్తబడుతోంది. మాడుకు ఇంకా రెండడుగుల ఇవతలే నిలిచిన చేదు.

"తెలిసింది," అంది చిప్ప బోర్లిస్తూ. "ఇసుక వద్దు. కుమ్మరి చంద్రప్ప కాడ కొత్త మంగలం తెప్పించండి, నూనె తగలనిది. ఈడే, మీ కండ్ల ముందర ఏపుతా."

మంగళవారం పెరట్లో మూడు రాళ్ళు పెట్టి మంట వేసింది. అంబుజమ్మ మెట్టు మీద అమ్మ ఉత్తరం పట్టుకుని కూర్చుంది.

"మంట సన్నగా ఉండాలంట. పొగ తగలకూడదంట. చెయ్యి ఆపకూడదంట."

"మీ అమ్మ బొరుగులు ఏపిందేమో చూడండి," అంది సైదాబీ కట్టెతో తిప్పుతూ.

మొదట పచ్చి గడ్డి ఉడుకుతున్న వాసన వచ్చింది. గింజ పసుపు తిరిగింది. తర్వాత రొట్టె కాలిన వాసన. గింజల మీద సన్నటి పొట్టు లేచి ఎగరసాగింది. సైదాబీ తల పక్కకు వంచి చెవి మంగలం వైపు పెట్టింది. పట్, పట్ మని ఒకటొకటిగా మొదలైన చప్పుడు ఎక్కువై, పెద్దదై, తగ్గిపోయింది.

"అయింది, దించు," అంది అంబుజమ్మ.

"ఉండండి. బొరుగు ఒకేసారి అరుస్తాది, అరిచిందా పని అయిపాయె. ఇది మొండిది. మొన్న ఇసుకలో చూసినా, రెండోసారి అరవబోయింది. ఈ రెండు అరుపుల నడుమ ఉండాది మీ రుచి."

చప్పుడు పూర్తిగా ఆగింది. మెల్లగా ఇరవై, ముప్పై తిప్పులు తిప్పింది. ఎండుటాకు నలిగినట్టు సన్నగా, లోపలెక్కడో ఒక్క చిటుకు వినబడిందో లేదో, గుడ్డతో మంగలం అంచు పట్టుకుని గింజలను చాటలోకి కుమ్మరించింది. నిలబడి చెరిగింది. పొట్టు గాలికి పోయింది. గింజలు చాటలో గలగలమన్నాయి. వాసన రేకుల ఇళ్ళన్నిటి మీదికీ పాకింది.

"ఈ పొద్దే దంచొద్దు. ఏగినవి ఏవైనా ఒక రాత్రి ఊపిరి తీసుకోవాల."

బుధవారం పొద్దున ఓవర్సీరు రెండు లోటాలు తాగాడని కుళ్ళాయప్ప కబురు తెచ్చాడు. సైదాబీ పోయేసరికి అంబుజమ్మ పెరటి తలుపు తెరిచి ఎదురుచూస్తోంది. మొహం వెలిగిపోతోంది. తనకు కూడా నేర్పమంది. సైదాబీ కట్టెను ఆమె చేతికిచ్చి, ఆమె వెనక కూర్చుని, "తిప్పండి, ఆపొద్దు, ఆ మూల గింజ ఏడుస్తాండాది చూడండి," అంటూ చెప్పింది. అంబుజమ్మ మొదటి మంగలం మాడ్చింది, రెండోది పచ్చిగా దించింది. ఆమె చెవికి ఆ రెండో చిటుకు అందలేదు. అందదేమో అని సైదాబీకి అనిపించింది గానీ పైకి అనలేదు.

"పోనీలే, నువ్వున్నావు కదా," అంది అంబుజమ్మ చెయ్యి దులుపుకుంటూ. "క్యాంపులో వెంకటప్ప కాఫీ క్లబ్బు తెరుస్తున్నాడు. గుంతకల్లు నుంచి పొడి తెప్పిస్తే సగం చింతగింజలే ఉన్నాయంట. మా ఆయనతో చెప్పిస్తాను. క్లబ్బు గింజలన్నీ నువ్వే వేపుదువు గానీ. నీ పేరు మీదే. ఈ కాలువ అయ్యేవరకూ నీకు పని."

ఆ సాయంత్రం, కాలువ మట్టిపనికి కూలీలను తోలుకుపోయే మేస్త్రి బాలప్ప వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. మరునాడు తెల్లవారి బండ్లు బళ్ళారి దిక్కుకు కదులుతాయి.

"ఏమంటావు సైదక్కా? పేరు రాసుకునేదా?"

"నేను రానప్పా. ఈడే పని దొరికినట్టుండాది."

"దొరికినట్టుండాదా, దొరికిందా?"

ఖాసిం సాబ్ మంచం మీద లేచి కూర్చున్నాడు. "పో సైదా. రామక్క ఇంత సంగటి పడేస్తాది నాకు. నన్ను చూసుకుంటా కూర్చుంటే ఇద్దరం ఎండిపోతాం."

రామక్క పక్కింటావిడ. ఆమెకే సంగటి లేదని ముగ్గురికీ తెలుసు. నెలల తరబడి ఈ మనిషిని ఈ మంచం మీద వదిలిపోతే తను తిరిగి వచ్చేసరికి మంచం ఒక్కటే ఉంటుందని సైదాబీకి తెలుసు. ఆ మాట అనేది కాదు.

"దొరికింది," అంది బాలప్పతో. "ఆయమ్మ మాటిచ్చింది."

"మళ్ళీ కావాలంటే బండి ఉండదక్కా."

"వద్దప్పా. పోయిరాండి."

గురువారం తెల్లవారుజామున బండ్లు పోతున్న చప్పుడు విని ఖాసిం సాబ్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సైదాబీ లేచి వాకిలి ఊడ్చింది.

శుక్రవారం పెద్ద ఇంజినీరు క్యాంపుకు వచ్చాడు. నుదుట నామం, భుజాన ఉత్తరీయం. నీళ్ళు కూడా తన చెంబులోవే తాగే మనిషని కుళ్ళాయప్ప ముందే చెప్పాడు. జీపు ఓవర్సీరు ఇంటి ముందు ఆగింది. సైదాబీ పెరట్లో మంగలం ముందు ఉంది. క్లబ్బు కోసం తెప్పించిన గింజల మొదటి వాయి అది. రేకుల గోడకు అవతల మాటలన్నీ వినబడుతున్నాయి.

లోటా కింద పెట్టిన చప్పుడు. "ఈ రాళ్ళల్లో ఇంత మంచి కాఫీయా! ఎక్కడిదమ్మా పొడి?"

"ఇంట్లో వేపిందేనండి," ఓవర్సీరు గొంతు.

"ఎవరు వేపినారు?"

మంగలంలో మొదటి చిటపట మొదలైంది. సైదాబీ కట్టె తిప్పుతూనే గోడ వైపు చెవి పెట్టింది. ఎదుటివాళ్ళ నోటి నుంచి తన పేరు ఒక పెద్దమనిషి ముందు రావడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"నేనేనండి," అంది అంబుజమ్మ. "మా అమ్మ ఉత్తరం రాసింది, ఎట్లా వేపాలో."

"అదీ! బయటివాళ్ళు వేపినవైతే నేను ముట్టను. దివాకర్, ఆ క్లబ్బుకు కూడా మీ ఇంటి పొడే ఇప్పించు. వెంకటప్పకు చెప్పు. అట్లయితే మేం వచ్చినప్పుడు నిశ్చింతగా తాగుతాం."

చిటపట పెద్దదైంది, తగ్గింది. సైదాబీ చెయ్యి ఆగలేదు. కట్టె వేగం మారలేదు. రెండో చిటుకు వినబడబోయే ముందు ఎప్పటిలాగే మంగలం దించి, చాటలో పోసి, నిలబడి చెరిగింది. ఒక్క గింజ మాడలేదు.

జీపు పోయాక అంబుజమ్మ మెట్టు మీదికి వచ్చింది. సైదాబీ మొహం చూడలేదు. చాటలో గింజలు చూస్తూ నిలబడింది.

"ఏం చేసేది సైదాబీ. సాయిబుల చేతి వేపుడంటే ఆయన తాగేవాడు కాదు."

"తాగినాడు కదమ్మా."

అంబుజమ్మ మెట్టు దిగి, మడి సంగతి మరిచిపోయి, సైదాబీకి చాలా దగ్గరగా కూర్చుంది.

"అందరూ బొరుగులు తింటారు. నీ బట్టీవి కాదా అవి? నాకు మాత్రం తెలీదా? అడిగేసరికి నాలుక మడతపడింది. ఇప్పుడు నిజం చెప్తే మా ఆయన ఉద్యోగానికే ముప్పు, ఆ పెద్దాయన కింద చేసేవాడు కదా. నాకా వేపడం చేత కాదు. నువ్వే వేపాల. పెరటి తలుపున వచ్చి పెరటి తలుపున పో. ఎవరడిగినా గిన్నెలు తోమేదాన్నని చెప్పు. కూలిలో ఏమీ తగ్గించను. కుళ్ళాయప్పకు నేను చెప్పుకుంటాను."

కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. అవి దొంగ నీళ్ళు కావని సైదాబీకి తెలుసు. అందుకే కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు దొరకలేదు. నిన్న పోయిన బండ్లు ఈపాటికి బళ్ళారి దాటి ఉంటాయి.

"సరేమ్మా," అంది. చాట కింద పెట్టి, మూలన ఉన్న అంట్ల గిన్నెల దగ్గరికి పోయి, పిడికెడు బూడిద తీసుకుంది. అంబుజమ్మ వద్దంటూ లేచింది. సైదాబీ వినలేదు. ఉన్న నాలుగూ తోమి, బోర్లించి, ఇంటికి వచ్చింది.

ఖాసిం సాబ్ ఎదురుచూస్తున్నాడు. జీపు మోత ఊళ్ళోకి వినబడింది.

"పెద్ద దొర తాగినాడా?"

"తాగినాడు."

"ఎవరు ఏపినారని అడిగినాడా?"

సైదాబీ కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటోంది. "అడిగినాడు."

"ఏం చెప్పినారు?"

ఆ మొహం చూసింది. ఎన్ని నెలలకో ఆ కళ్ళల్లో ఒక ప్రశ్న బతికింది. దానికి నీళ్ళు పోయకుండా ఉండలేకపోయింది.

"నా పేరే చెప్పినారు."

ఆ పూట అతను సంగటి ముద్ద మొత్తం తిన్నాడు. రామక్కను కేకేసి చెప్పాడు. బావి నుంచి నీళ్ళు తెస్తున్న కదిరమ్మను నిలబెట్టి చెప్పాడు. "ఇంజినీరు దొర అడిగినాడంట, ఎవరిదమ్మా ఈ చెయ్యి అని." ఆ ఆడవాళ్ళిద్దరూ క్యాంపు దాకా పోయేవాళ్ళు కాదు కాబట్టి సైదాబీ ఊరుకుంది. ఊరుకోవడం తప్ప వేరే దారి కనబడలేదు. మంచం మీది మనిషి దిండుకు ఆనుకుని నిటారుగా కూర్చోవడం మొదలుపెట్టాడు. దగ్గు వస్తే వచ్చేది గానీ, దగ్గు అయ్యాక మళ్ళీ నిటారుగానే కూర్చునేవాడు.

ఎనిమిది రోజులు గడిచాయి. కాఫీ క్లబ్బు తెరిచారు. ఓవర్సీరమ్మ ఇంటి పొడి అని క్యాంపంతా చెప్పుకున్నారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం సైదాబీ క్యాంపు నుంచి వచ్చి చెంబు అందుకునేసరికి వాకిట్లో ఒంటెద్దు బండి ఆగింది. దిగినవాడు వెంకటప్ప. పొయ్యిలోకి శెనక్కాయ పొట్టు కావాలి, బొరుగుల బట్టీ దగ్గర మిగిలి ఉంటుందని ఎవరో చెప్పారు. మంచానికి ఎడంగా నిలబడి అడిగాడు.

"ఉండాది, రాప్పా," అన్నాడు ఖాసిం సాబ్. "బట్టీ ఎనకాల రెండు గోతాలుంటాయి. నువ్వు కాఫీ క్లబ్బు వెంకటప్పవేనా?"

"ఔను."

"మీ క్లబ్బు కాఫీ బాగుంటాదంట."

"బాగుండక? ఓవర్సీరమ్మ స్వహస్తాలతో ఏపుతాది. మడి కట్టుకోని. లేకుంటే పెద్ద దొర తాగుతాడా?"

ఖాసిం సాబ్ నవ్వాడు. ఆ నవ్వులో ఎనిమిది రోజుల సంబరమంతా ఉంది. "ఎవరు చెప్పినారప్పా నీకు? అది మా ఇంటిదాని చెయ్యి. ఈ సైదాబీ చెయ్యి. దొరకు ఈమె పేరే చెప్పినారంట."

వెంకటప్ప మొహం మారింది. సైదాబీ వైపు తిరిగాడు. "ఏమమ్మా? నిజమా?"

సైదాబీ చేతిలో చెంబు ఉంది. ఒక్క మాట అంటే చాలు, రేపు క్లబ్బు పొయ్యి ఆరిపోతుంది, దాంతో పాటు ఇంట్లో పొయ్యి కూడా. ఇంకో మాట అంటే ఈ మంచం మీద నిటారుగా కూర్చున్న మనిషి ఊరి ముందర అబద్ధాలకోరవుతాడు. తలెత్తకుండా అంది.

"లేదప్పా. జ్వరం మనిషి, ఏదేదో అంటాంటాడు. నేను ఆడ గిన్నెలు తోమేదాన్ని. అంతే."

ఖాసిం సాబ్ ఆమె వైపు చూశాడు. ఆమె చీర కుచ్చెళ్ళకు అంటిన సన్నటి కాఫీ పొట్టును చూశాడు. ఆమె కొంగు నుంచి వస్తున్న వాసన అతనికి తెలియనిది కాదు. అంతా ఒక్కసారే అర్థమైనట్టుంది. దిండుకు ఆనించిన వీపు మెల్లగా కిందికి జారింది.

"ఔనప్పా," అన్నాడు వెంకటప్పతో. "తలకాయ సరిగా లేదు నాకు. జ్వరమొస్తే ఎవరేం చెప్పినారో, నేనేం కలగన్నానో తెలీదు. ఆయమ్మే ఏపుతాది, ఈమెకేం తెలుసు. మనసులో పెట్టుకోవద్దు."

"అదే అనుకుంటి," అన్నాడు వెంకటప్ప. "మాట బయటికి పోతే ఎంత రచ్చ." అతని గొంతులో ఇప్పుడు జాలి ఉంది. మంచం మీది మనిషిని, ఆ మనిషితో వేగుతున్న ఆడమనిషిని చూసి నాలుక చప్పరించాడు. గోతాలు బండికెత్తుకుని పోయాడు.

బండి చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా సైదాబీ కదల్లేదు. తర్వాత చెంబు తెచ్చి మంచం పట్టె మీద పెట్టింది. ఖాసిం సాబ్ రెండు చేతులా అందుకుని తాగాడు. కొన్ని నీళ్ళు గడ్డం మీదికి కారాయి. ఆమె కొంగుతో తుడవబోయి, ఆ కొంగు వాసన గుర్తొచ్చి, అరచేత్తో తుడిచింది.

అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఎందుకు అబద్ధం చెప్పావని అడగలేదు. ఎప్పటి నుంచి అని కూడా అడగలేదు.

"శానా ఉంటాయా సైదా," అన్నాడు, "ఆడ గిన్నెలు?"

"శానా," అంది సైదాబీ.